మడిలోని మన్ను

ధ్యానభాగము: యోబు 31:38-40



ఇంటి పెరటిలో కూరమడి వేసికొనుట మంచి పని. తోటకూర, గోంగూర, మెంతికూర, నాలుగు వంగమొక్కలు పెరటిలోనే యున్నయెడల ప్రతిదానికిని సంతకు పోనక్కరలేదు. పొరుగువారికి ఒక పిడికెడు ఇచ్చుటకును వీలగును. అయితే యీ చిన్న పనిలో ఒక పెద్ద ప్రశ్న యున్నది. మడి కట్టుట సులభమే. దానిని దేనితో నింపవలెను? ఆ మన్ను ఎవరిది?

మా పెరడు నల్లరేగడి నేల. వానకాలములో నీరు నిలిచి మొక్కల వేళ్లు కుళ్లును. వేసవిలో నేల నెఱ్ఱెలు విచ్చును. అట్టి చోట నేలకంటె ఎత్తుగా మడి కట్టుట మేలు. నేను 8 అడుగుల పొడవున, 4 అడుగుల వెడల్పున, చుట్టును అడుగు ఎత్తు రాళ్లు పేర్చితిని. వెడల్పు 4 అడుగులకు మించనియెడల రెండు ప్రక్కలనుండి చేయి చాచి నడిమి మొక్కను అందుకొనవచ్చును. మడిలో కాలు మోపనక్కరలేదు. కాలు పడని మన్ను గుల్లగా నుండి, వేళ్లు సుఖముగా దిగును. ఇంతవరకు బాగుగనే యుండెను. కాని లెక్క చూడగా ఆ మడి నిండుటకు 32 ఘనపుటడుగుల మన్ను, అనగా ఒక టన్నుకు పైబడిన బరువు, కావలసి వచ్చెను.

మా యింటికి దగ్గరలో, మెరకమీద, మన సంఘస్థురాలైన ఒక వృద్ధ విధవరాలి చేను గలదు. నేనామెను పెద్దమ్మా అని పిలిచెదను. ఆ చేని గట్టు ఎర్రమన్నుతో గుల్లగా నుండెను. "గట్టుమన్నే గదా, అక్కడ పంట లేదు గదా" అని నాకు నేనే చెప్పుకొని, రెండు సాయంకాలములు గంపలతో మోసి మడి నింపుకొంటిని. ఆమెను అడుగలేదు. మన్నును సహితము అడుగవలెనా అని తోచెను.

గోంగూర ఏపుగా పెరిగెను. తొలి కోత దేవునికని కట్టలు కట్టుకొని ఆదివారము గుడికి వెళ్లితిని. ఆ వారమే పెద్దవాన కురిసియుండెను. గుడి అరుగుమీద పెద్దమ్మ ఎవరితోనో చెప్పుచుండగా వింటిని: "గట్టు తెగిపోయిందమ్మా. చల్లిన గింజలన్నీ నీళ్లతోపాటు కొట్టుకుపోయాయి. ఆ గట్టు మా ఆయన తన చేతులతో వేసింది."

నా చేతిలోని కట్టలు బరువెక్కెను. అర్పణము తెచ్చినప్పుడు సహోదరునికి మనమీద విరోధమున్నట్లు జ్ఞాపకము వచ్చినయెడల ఏమి చేయవలెనో ప్రభువు చెప్పిన మాటను (మత్తయి 5:23, 24) ఎన్నిమారులు చదివితిని! కట్టలను అక్కడనే పెట్టి, ఆమెను ప్రక్కకు పిలిచి, జరిగినది చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత ఇట్లనెను: "మట్టిదేముంది నాయనా! ఒక్కమాట అడిగితే, గట్టు తెగని చోటేదో నేనే చూపించేదాన్ని కదా."

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

ఇట్టి తప్పును చిన్నది చేయుటకు మన మనస్సు రెండు సాకులు చెప్పును. మొదటిది: భూమి అంతయు దేవునిదే గదా, ఎక్కడి మన్ను ఎక్కడనున్న నేమి? 24వ కీర్తన బోధించునది నిజమే, భూమి ఆయనది. కాని ఆయనది గనుకనే అది నా యిష్టమునకు విడువబడలేదు. ఆయన దానిని ఎవరి చేతికి అప్పగించెనో వారిని దాటి తీసికొనువాడు, అప్పగించినవానినే త్రోసివేయుచున్నాడు.

రెండవది: మన్నుకు వెల యేమి? పైమన్ను ఒక అంగుళము ఏర్పడుటకు వందల యేండ్లు పట్టునని నేలల శాస్త్రము నెరిగినవారు చెప్పుదురు. రాయి అరుగవలెను, ఆకు చివుకవలెను, వానపాము తిని విడువవలెను. నేను రెండు సాయంకాలములలో మోసికొనిపోయినది ఎన్నో తరముల కాలము. దానిమీద చనిపోయిన ఒక రైతు చెమటయు నుండెను.

అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరెనో 1 రాజులు 21లో చూడుడి. తన నగరు ప్రక్కన కూరతోట వేసికొనుటకే! ఆ కోరిక ఒక నీతిమంతుని ప్రాణము తీయువరకు పోయెను. అంత దుష్టుడైన రాజు మొదట అడిగియైనను చూచెను. నేను అడుగనైన లేదు. సిరియా సేనాధిపతియైన నయమాను కథయు జ్ఞాపకము చేసికొనుడి (2 రాజులు 5). అతడు బాగుపడి తన దేశమునకు మరలిపోవునప్పుడు రెండు కంచరగాడిదలమీద పట్టునంత మన్ను కావలెనని ఎలీషాను వేడుకొనెను. వెండి బంగారములతో వచ్చిన సేనాధిపతి మన్నును అడిగి పుచ్చుకొనెను.

యోబు తన నిర్దోషత్వమును గూర్చి ప్రమాణము చేయుచు, కడపట తన భూమినే సాక్షిగా పిలుచుచున్నాడు. తాను అన్యాయముగా తినియుండినయెడల నేల మొరపెట్టవలెననియు, చాళ్లు ఏడ్వవలెననియు, గోధుమలకు బదులు ముండ్లు మొలువవలెననియు అతని భావము. నా మడిలో ముండ్లు మొలువలేదు. గోంగూర చక్కగా పెరిగెను. అదియే నన్ను భయపెట్టుచున్నది. పంట బాగుగా వచ్చినంత మాత్రమున దేవుడు మన పనిని మెచ్చెనని తలంచరాదు.

మరునాడు నా మడిలోని ఎర్రమన్నును గంపలతో తిరిగి మోసితిని. రెండు దినములు పనిచేసి గట్టు వేసి, విత్తనములు కొని యిచ్చితిని. పెరటిలో వట్టి రాళ్లు మిగిలెను. అప్పుడు మడి నింపు సరియైన మార్గమును నేర్చుకొంటిని. అడుగున కందికట్టె ముక్కలు, వాటిపైన ఎండుటాకులు, పచ్చి గానుగ ఆకు, ఆపైన బాగుగా మాగిన పశువుల ఎరువు, అన్నిటిపైన మా పెరటి మన్ను కొంత. పచ్చిపేడ వేయరాదు, దాని వేడికి లేతవేళ్లు మాడును, చెదలును చేరును. ఒక వానకాలము గడచునప్పటికి మడి కుంగును. మరల ఆకు, ఎరువు వేయవలెను. ఇది ఆలస్యమైన పని. కాని యిందులో ఎవరి గట్టును తెగదు. ఊడ్చి పారవేయునదే ఆహారమగును.

మన్ను బయటినుండి తెచ్చుటయే పాపమని నేననుటలేదు. వేసవిలో చెరువు ఎండినప్పుడు ఊరివారు ఒప్పుకొని ఒండ్రు తోలుకొనుట పాత వాడుక. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనిలో రైతులు చెరువుల పూడికమన్నును తమ చేలకు తోలుకొనిరి. అది పట్టపగలు, అందరి యెదుట జరిగినది. చెరువుకును మేలు, చేనికిని మేలు. కావున మన్ను తెచ్చువాడు రెండు సంగతులు విచారింపవలెను: అడిగితినా? నేను త్రవ్విన చోట ఎవరికి నష్టము కలుగును?

లూకా 13లోని తోటమాలి ఫలింపని అంజూరపు చెట్టుకొరకు యజమానుని అడిగినది ఒక్క సంవత్సరము గడువు మాత్రమే. చుట్టు త్రవ్వి ఎరువు వేసి కనిపెట్టెదననెను. నాకా ఓపిక లేకపోయెను. కనిపెట్టలేనివాడే పొరుగువాని గట్టువైపు చూచును.

చదువరీ, నీ యింటిలో నిండియున్నవాటిని ఒకసారి చూచుకొనుము. అడుగక తెచ్చినది ఏదైన నున్నదా? కూలివానికి నిలిపిన కూలియా? జరిపిన సరిహద్దు రాయియా? తోబుట్టువు వాటాయా? కోతకాలపు పండుగకు నీ గంప ఎత్తుకొనకముందే దానిని తిరిగి మోసి రమ్ము. ఆ మరుసటి యేట నేను గుడికి తెచ్చిన గోంగూర కట్టలు చిన్నవి. పెద్దమ్మ వాటిని చూచి నవ్వి, "ఇది మన గోంగూరే నాయనా" అనెను.

ప్రార్థన: ప్రభువా, మంటినుండి మమ్మును చేసినవాడవు నీవే. మాది కానిదానిని అడుగు వినయమును, తీసికొన్నదానిని తిరిగి యిచ్చు ధైర్యమును, నీవు పెంచువరకు కనిపెట్టు ఓర్పును మాకు దయచేయుము. ఆమేన్.