రెండు గడపల మధ్య బిడ్డ

(1 రాజులు 3:16-28; 1 సమూయేలు 2:18-20 చదువుడి)



గత సీతాఫలముల కాలములో మన సంఘస్థుడైన ఒక సహోదరునితో కూడ మైదానములోని కోర్టుకు వెళ్లితిని. తెల్లవారక మునుపే పాడేరులో బస్సు ఎక్కి ఘాటు రోడ్డు దిగితిమి. అతని భార్య కొంతకాలముగా పుట్టింట నున్నది. ఏడేండ్ల కుమారుడు ఆమెయొద్దనే యున్నాడు. నెలకు రెండుమారులు, రెండేసి గంటలు, కోర్టు ఆవరణలో తండ్రి బిడ్డను చూడవచ్చునని న్యాయాధిపతి ఉత్తరువు. అతడు సంచినిండ సీతాఫలములును, సంతలో కొనిన ఉన్ని స్వెటరును తెచ్చుకొనెను.

బిడ్డ వచ్చెను గాని తండ్రి దాపునకు రాలేదు. తల్లి కొంగు పట్టుకొని, “నీ దగ్గరికి రాను, నువ్వు కొడతావు” అనెను. తల్లియే స్వెటరు తొడిగి చూడగా చేతులు పొట్టియైనవి.

“అవి తల్లి నేర్పిన మాటలే” అని సహోదరుడు బస్సులో ఏడ్చెను. నేనును అట్లే తలంచితిని. తలంచుటయే గాక, ఆమెను గద్దించుటకు మరుసటి వారము ఆమె పుట్టింటికి వెళ్లితిని.

ఆమె మంచినీళ్లిచ్చి, “అయ్యగారూ, ఆయన సారా తాగొచ్చిన రాత్రులు వీణ్ణి చంకనేసుకుని వానలో పొరుగింటికి పరుగెత్తాను. అప్పుడు మీరు మా గుమ్మం ఎక్కలేదు. ఇప్పుడొచ్చారు” అనెను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ సహోదరుడు త్రాగుడు మానిన మాట నిజమే, నేనే సాక్షిని. అయితే ఆ పిల్లవాడు చూచినది ఆ రాత్రులనే గదా!

ఇట్టి తగవులలో సొలొమోను తీర్పును మనము తరచుగా ఎత్తి చెప్పుదుము. కాని అక్కడ నిజమైన తల్లి ఒక్కతెయే, రెండవది అబద్ధికురాలు. ఇక్కడ తల్లియు నిజమే, తండ్రియు నిజమే. ఖడ్గము చూపి అబద్ధికుని కనిపెట్టు ఉపాయము ఇక్కడ పనికిరాదు.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము బిడ్డ క్షేమమునే చూడుమని న్యాయాధిపతికి చెప్పుచున్నది. తెలివిగా చెప్పగల వయస్సు వచ్చినయెడల బిడ్డ ఇష్టమును కూడ ఆలకింపవచ్చును. 1973లో మద్రాసుకు చెందిన క్రైస్తవ దంపతుల వ్యాజ్యములో, పిల్లలు తలిదండ్రుల సొత్తును కారు, ఆటబొమ్మలును కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2020 జనవరిలో అదే కోర్టు, తలిదండ్రులిద్దరి ప్రేమ బిడ్డకు హక్కనియు, మిక్కిలి విషమ పరిస్థితులలో తప్ప ఒకరిని బొత్తిగా దూరము చేయరాదనియు, దూరముననున్నవారు ఫోనులో ముఖము చూచుకొని మాటలాడవలెననియు చెప్పెను. (సిగ్నలు కొరకు గుట్ట ఎక్కువారు మన కొండలలో ఇంకను కలరు. అది వేరు సంగతి.)

కాబట్టి ఆ రెండు గంటలు తండ్రికిచ్చిన బహుమానము కాదు, తల్లికి విధించిన శిక్షయు కాదు. అవి బిడ్డవి. తల్లి బిడ్డను కోర్టుకు తెచ్చి, ఇంట తండ్రిని దూషించుచుండినయెడల ఉత్తరువులో సగమే నెరవేర్చినది. అయినను అపాయము నిజముగా నున్నయెడల దానిని న్యాయాధిపతికి విన్నవించుట ద్వేషము కాదు. “క్షమించి పంపుమమ్మా” అని ఆమె నోరు మూయించు బోధకుడు ఆ బిడ్డ విషయమై లెక్క అప్పగింపవలసియుండును. ఇది నన్నుగూర్చియే వ్రాయుచున్నాను.

హన్నాను చూడుడి. సమూయేలు షిలోహులో ఏలీయొద్ద పెరుగుచుండెను. ఆమె ఏటేట బలి అర్పించుటకు పోవునప్పుడు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఏడాదిలో బిడ్డ ఎంత ఎదిగియుండునో ఇంటియొద్ద కూర్చుండి ఊహించి ఆమె కొలత తీసియుండవలెను. ఎన్ని పర్యాయములు ఆ కొలత తప్పెనో!

సహోదరునితో నేను రెండు మాటలు చెప్పితిని. బిడ్డను దగ్గరకు రమ్మని లాగవద్దు, తల్లిని గూర్చి ఒక్క ప్రశ్నయు అడుగవద్దు. అతడు తల ఊపెను గాని నా మాట అతనికి నచ్చలేదు. స్వెటరు మార్చుటకు పిల్లవాని కొలత పంపుమని ఆమెకు ఉత్తరము వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు.