పరాధీనత లేని పనిముట్టు

చిత్రాలు గీసేవారు, సంగీతం కూర్చేవారు, వీడియో గేములు ఆడేవారు తమ కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టం, అనగా యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ నిలిచి రెంటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఎంచుకోవాలన్న విషయాన్ని సాధారణంగా సౌకర్యాల లెక్కగానే చూస్తారు. కాని ఆ ఎంపికకు అడుగున ఒక తాత్త్విక ప్రశ్న ఉంది: స్వాతంత్ర్యమంటే ఎక్కువ పనులు చేయగలగడమా, లేక మరొకరి ఇష్టాయిష్టాలకు లోబడకుండా ఉండటమా?

రెండవ అర్థాన్ని బలంగా ప్రతిపాదించిన తత్త్వవేత్త ఫిలిప్ పెటిట్ 1997 నాటి ‘రిపబ్లికనిజం’ గ్రంథంలో చేసిన వాదం ప్రకారం, దయగల యజమాని వద్ద ఏ బాధా ఎరుగని బానిస కూడా బానిసే. ఆ దయను ఎప్పుడైనా ఉపసంహరించుకోగల అధికారం యజమానిదే కనుక. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం నిర్మాణానికి గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆలోచన కూడా దీనికి దగ్గరిదే. ప్రోగ్రామును నడపడం, దాని సోర్స్ కోడ్‌ను, అనగా ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠాన్ని, చదివి మార్చుకోవడం, ప్రతులను పంచుకోవడం, మార్చినదాన్నీ పంచడం వాడుకరి హక్కులని ఆయన వాదించారు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగునాట ప్రచారం చేస్తున్నది ఈ భావననే.

సృజనకారుని విషయంలో ఈ వాదానికి ప్రత్యేకమైన బరువుంది. చిత్రకారుడు పదేళ్లు చేసిన పని ఫైళ్లలో ఉంటుంది; వాటిని తెరవగల ప్రోగ్రాము చందా కట్టినంతకాలమే పనిచేసేదైతే అతని గతమంతా పరుల అనుమతిపై ఆధారపడుతుంది. త్రిమితీయ చిత్రాలకు వాడే బ్లెండర్ చరిత్ర ఇందుకు ఎదురు నిదర్శనం. దాన్ని అమ్ముతున్న కంపెనీ 2002లో మూతపడగా, దాని సృష్టికర్త టాన్ రూసెండాల్ పిలుపునందుకుని వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు సమకూర్చి, పెట్టుబడిదారుల నుంచి సోర్స్ కోడ్‌ను విడిపించుకున్నారు. బ్లెండర్ ఫైలు తనలోని దత్తాంశం ఏ క్రమంలో అమరి ఉందో వివరించే పట్టికను తనతోనే మోసుకువెళుతుంది. అందువల్ల ఎన్నో ఏళ్లనాటి ఫైళ్లు సైతం చాలావరకు నేడూ తెరుచుకుంటాయి. 2025లో ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ యానిమేషన్ చిత్రం ఈ సాఫ్ట్‌వేర్‌తోనే రూపొందింది కనుక, ఉచితంగా దొరికేది నాసిరకమన్న అనుమానానికి ఇక తావు లేదు.

ఆట సంగతి వేరు. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమైన లినక్స్‌పై విండోస్ గేములను ఆడించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్, విండోస్‌ను ఉద్దేశించి గేము చేసే ప్రతి అభ్యర్థననూ మధ్యలో అందుకుని లినక్స్‌కు అర్థమయ్యే అభ్యర్థనగా మార్చి పంపుతుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం నడిచేది ఈ ఏర్పాటుతోనే. అయితే ఆ గేముల సోర్స్ కోడ్ మాత్రం రహస్యమే. స్వేచ్ఛా వ్యవస్థపై పరాధీనమైన ఆటను ఆడటం ఆత్మవంచన కాదా? స్టాల్‌మన్ సైతం 2012లో, అటువంటి గేములు అనైతికమంటూనే, వాటి రాకవల్ల మేలూ కీడూ రెండూ కలగవచ్చునని ఒప్పుకున్నారు. ఆడి ముగించిన ఆట పోయినా ఆడిన ఆనందం దక్కినట్టే. పనిముట్టు పోతే పని కూడా పోతుంది. కాబట్టి పనిముట్టు విషయంలో కఠినంగా, ఆట విషయంలో ఉదారంగా ఉండటంలో వైరుధ్యం లేదు.

ఈ ఉదారతకూ ఒక హద్దు ఉంది. కొన్ని పోటీ గేములు మోసాన్ని పట్టడానికి కెర్నెల్‌లో, అనగా యంత్రంపై సర్వాధికారం గల కేంద్రభాగంలో, తమ కాపలా ప్రోగ్రామును నిలుపుతాయి. తోటి ఆటగాళ్లకు న్యాయం జరగాలన్న కోరిక ధర్మబద్ధమే. కాని ఆ న్యాయం కోసం, పరిశీలనకు వీలులేని ప్రోగ్రాముకు చిత్రాలూ ఉత్తరాలూ ఉన్న యంత్రమంతటినీ అప్పగించడం తగదు. ఇటువంటి కాపలా వల్ల వాలరెంట్ వంటి గేములు లినక్స్‌పై నడవకపోవడం నిజమైన నష్టమే. వాటిని వదులుకోలేనివారు ఆటకు వేరే యంత్రాన్ని కేటాయించుకుని, పని చేసే యంత్రాన్ని తమ అధీనంలోనే ఉంచుకోవడం మేలు.