ఆట చూచి కార్చిన కన్నీరు

ధ్యాన భాగము: యోహాను 11వ అధ్యాయము, లూకా 19:41



2023 నవంబరు 19వ తేది ఆదివారము. ఉయ్యూరునకు దగ్గరనున్న మా పల్లెలో ఉదయపు ఆరాధన ముగిసి, భోజనములైన తరువాత, యౌవనులందరు ఒక యింటి వసారాలో టీవీ ముందు చేరిరి. అహమ్మదాబాదులో ప్రపంచ కప్పు క్రికెట్టు చివరి ఆట. అంతకుముందు ఆడిన పది ఆటలలోను మన దేశము గెలిచియుండెను. ఆనాడు మనవారు 240 పరుగులకే ముగించిరి. ఆస్ట్రేలియావారు నాలుగు వికెట్లు మాత్రమే పోగొట్టుకొని గెలిచిరి. మన హైదరాబాదు యువకుడు మహమ్మద్ సిరాజ్ ఆటస్థలములోనే కన్నీరు పెట్టుకొనుట తెరమీద కనబడెను. వసారాలోని పిల్లలును ఏడ్చిరి. పదునెనిమిదేండ్ల అబ్బాయి యొకడు గోడవైపు తిరిగి, తువ్వాలు ముఖమునకు అడ్డము పెట్టుకొని వెక్కివెక్కి యేడ్చెను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన ముగించుకొని వచ్చుచున్న మా సంఘపెద్ద యొకరు వాకిట నిలిచి, “ఏమిరా, మీ యింట్లో ఎవరైనా పోయారా?” అని అడిగిరి.

“ఎవరూ పోలేదు తాతా. మనవాళ్లు ఓడిపోయారు” అని అబ్బాయి చెప్పెను.

“బంతాటకు ఇంత ఏడుపా! మంచి శుక్రవారంనాడు సిలువను గూర్చి మూడు గంటలు విన్నారు గదా. ఆనాడు మీలో ఒక్కడి కన్నైనా తడిసిందా?”

ఎవరును బదులు పలుకలేదు. మేమును అక్కడనే యుంటిమి. మాకును బదులు దొరకలేదు. ఆ ప్రశ్న ఇంటికి వచ్చినను మమ్మును విడువలేదు. ఆట చూచి యేడ్చుట తప్పా? అది బుద్ధిహీనతయా? లేక మన హృదయమును గూర్చి అది మనకేదైన తెలియజేయుచున్నదా?

ఇది మన పల్లెలో పుట్టిన వింత కాదు. ఫుట్‌బాలు ఆటను ప్రాణముగా నెంచు దేశములలో ఈ కన్నీరు తరతరములుగా నున్నదే. 1950 జూలై 16న బ్రెజిలు దేశపు రియో పట్టణములో ప్రపంచ కప్పును తేల్చు ఆట జరిగెను. సమముగా ముగిసినను బ్రెజిలుకు కప్పు దక్కును. దాదాపు రెండు లక్షలమంది చూడ వచ్చిరి. ఉరుగ్వే జట్టువారు రెండు గోళ్లు చేసి, ఒక గోలు తేడాతో గెలిచిరి. అంతటి జనసమూహము మొదట నిశ్శబ్దమాయెను, పిమ్మట ఏడ్చెను. దూరమున ఒక చిన్న యింటిలో రేడియో వినుచున్న తండ్రి యేడ్చుచుండగా తొమ్మిదేండ్ల కుమారుడు చూచి, ఏడువవద్దు, నేను ఆ కప్పు తెచ్చెదనని ఓదార్చెనట. ఆ బాలుడే పెలే. 1958లో పదునేడేండ్ల ప్రాయమున ఆ కప్పు గెలిచిన దినమున అతడును తోటి ఆటగాని భుజముపై వాలి యేడ్చెను. ఓడినవారికిని కన్నీరే, గెలిచినవారికిని కన్నీరే.

ఇట్టివారిని చూచి నవ్వుట సులభము. తోలుబంతి గీత దాటినదనియు దాటలేదనియు ఏడ్చుచున్నారే యని మనము అనవచ్చును. అయితే కొంచెము నిదానించి ఆలోచింతము. ఆ జట్టు గెలిచినయెడల ఏడ్చినవాని అప్పు తీరునా? ఓడినయెడల వాని పొలము పోవునా? ఆ ఆటగాండ్రు వానికి చుట్టములా? కారు. వారికి వాని పేరైనను తెలియదు. తనకు ఒక్క కాసు లాభము లేని విషయములో, తన రక్తసంబంధులు కానివారి కొరకు, మనుష్యుడు మనసు కరిగి యేడ్చుచున్నాడు. లాభనష్టముల లెక్క లేకుండ పరుని దుఃఖమును తన దుఃఖముగా నెంచుకొను శక్తిని దేవుడే మనుష్యునిలో పెట్టెను. సంతోషించువారితోను ఏడ్చువారితోను కూడియుండుమని రోమీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు మనలను హెచ్చరించుచున్నాడు. అదే అపొస్తలుడు కొరింథీయులకు వ్రాయునప్పుడు పందెపు రంగములో పరుగెత్తువారిని మాదిరిగా చూపెను గాని వారిని ఎగతాళి చేయలేదు. కాబట్టి ఆ కన్నీటిని పాపమని మేము చెప్పజాలము.

అయినను ఆ కన్నీరు పరిశుద్ధమైనదని చెప్పుటకును మాకు ధైర్యము చాలదు. ఏలయనగా ఏడ్చిన హృదయమే ద్వేషించుటయు కలదు. 1994లో కొలంబియా జట్టు ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్ పొరపాటున తన గోలులోనికే బంతిని పోనిచ్చెను. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత, ఆ ఆట జరిగిన పది దినములకు, తన సొంత పట్టణములోనే తుపాకి కాల్పులకు బలియాయెను. మన దేశములో 1980 ఆగస్టు 16న కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్టు బెంగాలు జట్ల ఆటలో చూడవచ్చిన వారిమధ్య కలహము పుట్టి, తొక్కిసలాటలో పదునారుగురు చనిపోయిరి. ఉదయమున ఆట చూడ పంపిన తల్లులు రాత్రి కార్చిన కన్నీరు వేరు.

ఇంకొక సంగతి కలదు. మన హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాలునకు మిగుల పేరుపొందిన నగరము. అక్కడ బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ పిమ్మట హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచెను. తరువాత ఆయన భారత జట్టునకు శిక్షకుడై, 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాపై గెలిపించి, ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చెను. ఆటలకు రెండు దేశములను రానీయకపోవుటను మన దేశపు ప్రతినిధి ఆక్షేపించినందున అక్కడి జనులు మనవారిపై కోపించి ఆట జరిగినంతసేపు కేకలువేసి గేలిచేసిరి. వేలకొలది కన్నులు బంతి వెంట పరుగెత్తినవి. గీత కీవల నిలిచియున్న ఆ మాస్టరును ఎందరు చూచిరి? తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఆయన క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. బంతి అందరికిని కనబడెను, మనిషి కనబడలేదు.

ప్రియులారా, మా సంఘపెద్దగారి ప్రశ్నకు జవాబు ఇక్కడనే దొరకుచున్నదని మాకు తోచినది. ఆట చూచువానికి కన్నీరు ఎందుకు వచ్చును? అతడు దగ్గర కూర్చుండి చూచినందుననే. ఆ ఆటగాండ్ర పేర్లు వానికి తెలియును. ఎవని మోకాలికి దెబ్బ తగిలినదో, ఎవని తండ్రి ఆటో నడిపెనో తెలియును. గంటలకొలది కన్ను త్రిప్పక చూచెను. మనము ఎవరిని అంత శ్రద్ధగా చూచెదమో వారి కొరకే మనకు కన్నీరు వచ్చును. చూడనివారి కొరకు రాదు. మన ధనము ఎక్కడనుండునో మన హృదయమును అక్కడనే యుండునని ప్రభువు బోధించెను. కాలముకూడ ధనమే గదా!

లేఖనములను పరిశీలించి చూడుడి. బేతనియలో లాజరు మరణించిన సంగతి ప్రభువునకు దూరముననుండగనే తెలియును. శిష్యులతో ఆ మాట ఆయనే చెప్పెను. అప్పుడు ఆయన ఏడ్చినట్లు వ్రాయబడలేదు. ఆయన నడిచి వచ్చెను. మరియ ఏడ్చుట చూచెను. ఎక్కడ ఉంచితిరని అడిగెను. వచ్చి చూడుమని వారు పిలిచినప్పుడు ఆయన కన్నులు తడిసెను. యెరూషలేము సంగతియు అట్టిదే. పట్టణమునకు దగ్గరగా వచ్చి, దానిని చూచి, ఆయన యేడ్చెనని లూకా తెలుపుచున్నాడు. మొదట దగ్గరకు వచ్చుట, పిమ్మట చూచుట, ఆ పిమ్మట కన్నీరు. యెరికో దారిలో యాజకుడును లేవీయుడును చూడకపోలేదు. చూచిరి గాని ప్రక్కగా పోయిరి. సమరయుడో, వాని దగ్గరకు వచ్చెను.

ఇక మా సంగతి చెప్పుకొనవలెను.

ఆ ఆట జరిగిన పదునారవ దినమున, అనగా డిసెంబరు 5న, మిచౌంగు తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. మన కృష్ణా డెల్టాలో కోతల కాలము. కోసిన వరి పనలు చేలలోనే యున్నవి. కోయని చేలు నేలకు ఒరిగినవి. మా సంఘములో ఒక విధవరాలు మూడెకరములు కౌలుకు చేయుచున్నది. పంట పోయినను కౌలు పోదు. అప్పు అసలే పోదు. రెండు దినముల తరువాత మేము ఉయ్యూరు పోవుచు ఆ చేని ప్రక్కగా వెళ్లితిమి. నీటిలో తేలుచున్న పనలను చూచితిమి. గట్టుమీద కూర్చున్న ఆమెనును చూచితిమి. “అయ్యో పాపము” అంటిమి. బండి ఆపలేదు. ఆ సాయంకాలము ఆమె కొరకు ప్రార్థన చేసితిమి. చక్కని మాటలతోనే చేసితిమి. కన్ను మాత్రము తడవలేదు.

10వ తేది ఆదివారము గుడిలో యౌవనుల చాప ఖాళీగా నుండెను. మా సంఘపెద్దగారు మిక్కిలి నొచ్చుకొని, మరల ఏ ఆటయో వచ్చియుండుననిరి. ఆరాధన ముగిసిన తరువాత తెలిసినది: పిల్లలు ఆ విధవరాలి చేనిలో నున్నారు. నీటిలోని పనలను గట్టుమీదికి మోయుచు, గింజ మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లుచున్నారు. వారిని ఎవరు పంపిరి? ఎవరును పంపలేదు. ఆమె కుమారుడు ఆనాడు వసారాలో వారి ప్రక్కను కూర్చుండి ఆట చూచినవాడే. గోడవైపు తిరిగి యేడ్చినవాడు అతడే. ఆనాడు కలిసి యేడ్చినవారు ఈనాడు వానిని విడువలేకపోయిరి.

ఆరాధన మానుట మంచిదని మేము చెప్పుట లేదు. అయితే గుంటలో పడిన గొఱ్ఱెను గూర్చి ప్రభువు విశ్రాంతి దినమున అడిగిన ప్రశ్న మాకు జ్ఞాపకము వచ్చెను. మా సంఘపెద్దగారు ఏమియు మాటలాడక తిన్నగా ఆ చేనికి వెళ్లి, పంచె ఎగగట్టి, బురదలోనికి దిగిరి. సిగ్గుతో మేమును దిగితిమి. తడిసిన పన ఎంత బరువుండునో మోసినవానికే తెలియును. మూడవ పన ఎత్తునప్పుడు, తెల్లగా మొలక వచ్చిన కంకిని చేతిలో చూచినప్పుడు, మా కన్నులలో నీరు తిరిగెను. రోడ్డుమీదనుండి రానిది అక్కడ వచ్చెను. పంట అంతయు దక్కలేదు. దక్కిన కొలది ధాన్యము రంగు మారి తక్కువ ధరకు పోయెను. ఆమె అప్పు ఇంకను ఉన్నది. ఈ మాట దాచుట న్యాయము కాదు.

కావున యౌవనులారా, ఆట చూచి యేడ్చితిమని సిగ్గుపడవద్దు. రాతి గుండెలవారికి ఆ కన్నీరు రాదు. అయితే ఆ కన్నీరే మీమీద సాక్ష్యము పలుకునని జ్ఞాపకముంచుకొనుడి. పేరైన తెలియని పరుని కొరకు కరిగిన హృదయము, ప్రక్క యింటివాని కొరకు కరుగదని చెప్పుటకు వీలులేదు. సిలువయొద్ద ఆ వింత చూడ వచ్చిన జనులును రొమ్ము కొట్టుకొని తిరిగి ఇండ్లకు పోయిరని లూకా వ్రాసెను. మనమును అట్లు ఏడ్చి ఇంటికి పోవువారమై యుండకూడదు.

పెద్దలారా, పిల్లలను గద్దించుటకు ముందు మన కన్నులు దేనిని చూచుచున్నవో పరీక్షించుకొందము. ఈ నెలలో ప్రతి కుటుంబమువారు ఒక్క గంట, ఆట చూచునంత శ్రద్ధతో, కష్టములోనున్న ఒక యింటివారియొద్ద కూర్చుండవలెనని కోరుచున్నాము. బోధించుటకు కాదు, చూచుటకు, వినుటకు. చేతికి పని కనబడినయెడల చేయుటకు.

బేతనియకు నడిచి వచ్చిన ప్రభువు మన పాదములను ఆ వాకిండ్లకు నడిపించును గాక. ఆమేన్.