శూన్యసభ

శ్రోత లేనిచోట పాడిన పాటకు సార్థకత కలదా యను ప్రశ్న పండితగోష్ఠులలో చిరకాలముగ నున్నదే. 2020వ సంవత్సరమున మహమ్మారి వచ్చి యా ప్రశ్నను వీథిలోనికీడ్చినది. ఆ యేప్రిల్ 12న, ఈస్టరు పండుగనాడు, ఇటలీ గాయకుడు ఆండ్రియా బోచెల్లి మిలాను నగరపు మహాదేవాలయమున శ్రోతలు లేకయే పాడెను. జూన్ 22న బార్సిలోనాలోని లిసేయు నాటకశాలయందు 2,292 కుండీమొక్కలను ఆసనములపై నుంచి, వాని యెదుట నలుగురు తంత్రీవాద్యకారులు వాయించిరి. డిసెంబరులో చెన్నపురి మ్యూజిక్ అకాడెమీ కచేరీలు తెరమీదికెక్కినవి. మా యింటను వానిని వింటిమి. కృతి ముగిసినపుడు చప్పట్లు కొట్టవలయునో మానవలయునో తోచక ఒకరి మొగమొకరు చూచుకొంటిమి.

రసము సహృదయుని హృదయమున నిష్పన్నమగునని అభినవగుప్తుని మతము. సహృదయుడే రానిచో రసమెచ్చట? అతడు నేడు రాకున్న రేపు రావచ్చునని మా సమాధానము. మా ఇందూరు ఖిల్లా చెఱసాలలో, నిజాము పాలన తుదిదినములయందు, దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిరి. ఆ గోడ యెదుట సభ యేది? అయినను ఆయన పద్యము తెలంగాణమంతట వినబడినది. అన్నమాచార్యుల రాగిరేకులు తిరుమలపై నెన్ని తరములు శ్రోతకై వేచియుండలేదు! కావున శూన్యమందిరమున క్రొత్త కృతిని కూర్చిన విద్వాంసుని శ్రమ వ్యర్థమని మేమనజాలము.

ఇంతవరకు వాదము సుఖముగనే సాగినది. చిక్కు మా జిల్లాలోనే యున్నది.

ఇచ్చటి పల్లెలలో చిందు భాగవతులు కలరు. ఆర్మూరు నివాసియై 2005లో గతించిన చిందుల ఎల్లమ్మగారి వలన ఆ కళకు రాష్ట్రమెల్ల పేరు వచ్చినది. వీరు మాదిగవాడలలో జాంబపురాణ మాడుదురు. అందు జాంబవుడు బ్రాహ్మణునితో వాదమునకు దిగి కులపు గొప్పను నిలదీయును. ఎదుట కూర్చుండువారు తాము జాంబవుని సంతతివారమని నమ్మువారు; అది వారి యింటికథ. కళాకారులకు వారిచ్చునది భిక్ష కాదు, తరతరముల కట్టుబాటు. ఆ వాడవారే బయటికి రానినాడు జాంబవుడు ఎవరి పక్షమున వాదించును? కుండీమొక్కలను కూర్చుండబెట్టి ఆ కథ చెప్పుట యెట్లు?

బోధనులో 1937లో వెలసిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. పాకపు పదును కంటితోనే యెఱిగిన పనివాడు ఆ నేర్పును ఇంట సాధన చేయలేడు. గాయకునికి శ్రుతి యొక్కటి తోడున్న చాలును. చిందుకళాకారుని స్థితి గాయకునికంటె ఆ పనివానికే చేరువ.

రసమునకు గడువీయవచ్చును, ఆకలికి వీలుకాదు. ఆ దినములలో కళ యోడిపోలేదని మనము తెరయెదుట పొంగిపోతిమి. ఆట నిలిచిన యింట పొయ్యి రాజినదో లేదో విచారించినవారు కొలదిమంది. మేము వారిలో లేమని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. చెన్నపురి గానము మా చెవికి చేరినది. కొన్ని మైళ్ల దూరముననున్న డప్పు మూగపోయిన సంగతి చేరలేదు. ఆ డప్పు కొట్టువారు మాకు బంధువులు కారనియా? మేమెన్నడును వారి ఆటకు పోయి కూర్చుండలేదనియా? రెండవదియే నిజమని తోచుచున్నది. మహమ్మారి రాకమున్నే వారి సభలో మా చోటు శూన్యము.

బార్సిలోనాలో వాద్యము ముగిసిన పిదప ఆ మొక్కలను రోగులకు సేవచేసిన వైద్యసిబ్బందికి కానుకగా పంపిరి. ఆ కచేరీలో మాకు మిక్కిలి నచ్చినది అదియే.