చిల్లగింజకు తేరని నీరు



మా తల్లిదండ్రులు కృష్ణా డెల్టాలో ఉన్న కొద్ది పొలము అమ్ముకొని మాన్వి తాలూకాకు వచ్చినప్పుడు క్యాంపులో తాగుటకు కాలువ నీరే దిక్కు. బిందెలతో తెచ్చిన ఎర్రనీటిని మా అమ్మ కుండలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపేది. తెల్లవారేసరికి మట్టి అడుగున పేరుకొని పైన తేట నిలిచేది. కంటికి కనబడే మురికికి ఆ గింజ చాలు. కనబడని మురికి సంగతి ఏమిటి? మన అవసరము తీరిన తరువాత నీటిలో మిగిలిపోయినది ఎవరి బాధ్యత?

పటాన్‌చెరు పేరు మీలో చాలామంది విన్నదే. 1970ల నుండి అక్కడ కర్మాగారములు పెరిగాయి. వాటి వ్యర్థజలము నక్కవాగులో పడి మంజీర వైపు పారేది. వాగు పక్క బావులు, పొలములు చెడిపోగా 1990లో వ్యవహారము సుప్రీంకోర్టుకు ఎక్కింది. తరువాత కంపెనీల నీటినంతా కలిపి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రము వచ్చింది. ఆ కేంద్రములో శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి, స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ఫలితములు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. ఆ మాత్ర మింగిన రోగి రక్తములో కూడ అంత ఉండదు!

శుద్ధి కేంద్రములో అసలు పని చేసేవి సూక్ష్మజీవులు. ఇంటి మురుగు వాటికి ఆహారము. తమను చంపుటకే తయారైన మందును అవి ఎలా తింటాయి? క్రోమియము, సీసము వంటి లోహములు రూపు మారునే గాని నశించవు. అంటుకోని పెనముల పూత తయారీలో వాడిన ఒక ఫ్లోరిన్ రసాయనము దశాబ్దములు గడిచినా విరగదు గనుక 2019లో స్టాక్‌హోం ఒప్పందపు జాబితాలో చేర్చవలసి వచ్చింది.

2009లో పటాన్‌చెరు నీటికి సుమారు 18 కిలోమీటర్ల గొట్టము వేసి, హైదరాబాదు మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడి నుండి మూసీ. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అంటే వాగు పక్కవాని బరువును నది పక్కవానికి ఎత్తినట్లే గదా!

ఈ సంగతి మనకు ఎవరూ బోధించనక్కరలేదు. తుంగభద్ర ఎడమ కాలువకు మన మాన్వి, రాయచూరు పొలములు చివరి ఆయకట్టు. ఎగువన ప్రతివాడు “నేను కొంచెమే తీసుకొన్నాను” అంటాడు. ఆ కొంచెములన్నీ పోగా మన తూముకు వచ్చేది మనకు తెలుసు. యెహెజ్కేలు ప్రవక్త కూడ బలిసిన గొర్రెలను తప్పుపట్టినది అవి దాహము తీర్చుకొన్నందుకు కాదు, వెనుక వచ్చే వాటికి కలక నీరు మిగిల్చినందుకు.

“నిబంధన ప్రకారమే వదిలాము” అనేది మరొక జవాబు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషములకు హద్దులు వ్రాశారు. 2021లో వచ్చిన తుది నిబంధనలలో ఆ హద్దులు లేవు. హద్దు వ్రాయలేదు గనుక దాటినవాడు లేడు. దీనిని నిర్దోషత్వమని పిలవడానికి నా మనస్సు ఒప్పుకోదు.

అయితే కంపెనీలు మూసివేయమందామా? మన క్యాంపుల పిల్లలు కొందరు అటువంటి చోటనే పని చేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు. నా చిన్న కుమార్తెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నిలబెట్టినది సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలే. చవకగా దొరికాయని సంతోషించానే గాని, ఆ ధరలో ఎవరి బావి ఖరీదు కలపకుండా వదిలారో విచారించలేదు. మాత్రకు అర్ధరూపాయి ఎక్కువైనా సరే, నీటిని నిజముగా శుద్ధి చేయమంటాను. పింఛనుదారుడను గనుక గొణుక్కొంటూనే ఇస్తాను.

ఇంతకూ నేనెవరిని? బడి సెలవులలో పత్తికి ఎండోసల్ఫాన్ కొట్టి, స్ప్రేయరును పొలము పక్క వాగులో కడిగేవాడిని. పారే నీరు గదా, ఎటో పోతుంది అనుకొన్నాను. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించినప్పుడు పత్రిక చదువుతూ ఆ “ఎటో” ఎటు అని మొదటిసారి ఆలోచించాను. వాగు తుంగభద్రలోకి, తుంగభద్ర కృష్ణలోకి. మా పెద్దమ్మ అవనిగడ్డ దగ్గర కాలువ నీటితో నింపిన చెరువు నీరే తాగేది. ఆమె కూడ కుండలో చిల్లగింజే కలిపేది.