ఉపకార వేతనం ఉపకారమా?

స్కాలర్‌షిప్‌ను దరఖాస్తు ఫారాల మీద ‘ఉపకార వేతనం’ అని రాస్తారు. ఆ మాటలోనే ఒక చిక్కు ఉంది. ఉపకారమైతే పుచ్చుకున్నవాళ్లు తల వంచుకోవాలి. వేతనమైతే తల ఎత్తుకునే తీసుకోవచ్చు. కెమిస్ట్రీ చదివే ఆదివాసీ పిల్లలకు వచ్చే డబ్బు ఈ రెండింటిలో ఏది?

కెమిస్ట్రీనే ఎందుకు తీసుకున్నామంటే, అది పుస్తకంతో తీరే చదువు కాదు. ప్రయోగశాల కావాలి, గాజు సామాను కావాలి. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అంటే మరిన్ని ఏళ్లు. అన్నేళ్లు ఇంటికి రూపాయి పంపకుండా చదవడం పోడు కుటుంబానికి మోయలేని బరువు. పరీక్షనాళికను ఇంటర్‌లో మొదటిసారి చూసిన పిల్ల, ఆరో తరగతి నుంచే పట్టుకున్న పిల్ల ఒకే పరీక్ష రాస్తే, ఆ మార్కుల తేడాను ప్రతిభలో తేడా అనగలమా?

పెర్సీ జూలియన్ జీవితం చూద్దాం. బానిసల మనవడైన ఈ నల్లజాతి అమెరికన్ 1920లో డిపా విశ్వవిద్యాలయంలో తరగతికే మొదటివాడు. 1923లో హార్వర్డ్‌లో మాస్టర్స్ పూర్తిచేశాడు. తెల్లవాళ్లకు నల్లవాడు పాఠం చెప్పడాన్ని ఒప్పుకోని రోజులవి. అక్కడ డాక్టరేట్ దాకా సాగలేదు. చివరికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్‌తో వియన్నా వెళ్లి 1931లో డాక్టరేట్ పొందాడు. 1935లో సహచరుడు జోసెఫ్ పిక్ల్‌తో కలిసి, గ్లకోమా అనే కంటిజబ్బుకు వాడే ఫైసోస్టిగ్మిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. తెలివి అతనికి ముందే ఉంది. ఫెలోషిప్ చేసిందల్లా మూసిన తలుపు తెరవడమే.

ఆ మందుకు మూలం పశ్చిమ ఆఫ్రికాలోని కాలబార్ గింజ. దాని శక్తి అక్కడి జనానికి ఎప్పుడో తెలుసు. మన చిల్లగింజ సంగతీ అంతే. కుండ లోపలి గోడకు ఆ గింజను అరగదీసి బురద నీళ్లు పోస్తే, మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. పట్నంలో ఆ పనికి పటిక వాడతారు. కుంకుడు నురగ, ఇప్పపువ్వు పులియడం, తపసి జిగురు రకాలు మన పెద్దలకు చేతిపనిగా తెలిసిన రసాయన శాస్త్రమే. సరుకు అడవి దాటింది, జ్ఞానమూ దాటింది. వాటిని పరీక్షించే బల్ల దగ్గర మాత్రం మనవాళ్లు అరుదు. అందుకే ఈ డబ్బును మేము పాత బాకీలో కొంతగానే చూస్తాం. షెడ్యూల్డ్ తెగల చదువును ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణం రాజ్యానికి చెబుతోంది. దేశంలోని ఎస్టీ పరిశోధకులందరికీ కలిపి ఏటా ఇచ్చే 750 జాతీయ ఫెలోషిప్‌లను ఆ మాట వెలుగులోనే చూడాలి.

బాకీ అన్నాక పుచ్చుకున్నవారికి బాధ్యత ఉండదా? ఉంటుంది. ఆ బాకీ ఒక్కరిది కాదు, జాతిది. అందరి తరఫున ఒకరు వసూలు చేసుకున్నారంతే. అలాగని చదివినవాళ్లంతా గూడేనికే తిరిగి రావాలనడం న్యాయం కాదు. ఆ షరతు కలవారి పిల్లలకు ఎవరూ పెట్టరు. కానీ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, కుల ధ్రువీకరణ పత్రం ఎలా తెచ్చుకోవాలో, హాస్టల్లో మొదటి ఏడాది ఎలా నెగ్గుకురావాలో వెనక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పడం మాత్రం వాళ్ల వంతు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రయోగశాల లేదని ఆగకండి. పిల్లలను చిల్లగింజలు తెమ్మనండి. రెండు గ్లాసుల బురద నీళ్లతో మొదటి ప్రయోగం చేయించండి. ఈ శాస్త్రం తమది కూడా అని తెలిసిన పిల్ల రేపు ఆ ఫారం మీద తల వంచుకోకుండా సంతకం చేస్తుంది.