గుర్తింపు ఎవరిని అడగాలి?

తెలుగులో గుర్తింపు అన్న మాట ఒక్కటే. ఒక రాజ్యాన్ని మిగతా రాజ్యాలు ఒప్పుకోవడమూ గుర్తింపే, ఒక మనిషి తానెవరో చెప్పుకోవడమూ గుర్తింపే. ఉర్దూలో ఈ రెండూ వేరు. రాజ్యాన్ని ఒప్పుకుంటే దాన్ని 'తస్లీమ్' చేసినట్టు. మనిషి ఎవరన్నది అతని 'పహెచాన్'. ఈ రెండు భాషల్లోనూ వార్తలు రాసుకుని బతికే మాకు, 1948 నాటి హైదరాబాద్ గురించి రాయాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ రెండు మాటలూ కలిసే ఎదురవుతాయి. ఒక రాజ్యానికి తస్లీమ్ సంపాదించాలని ఆ ఏడాది కొందరు ప్యారిస్ దాకా వెళ్లారు. అది దొరకలేదు. దాని బాకీ మాత్రం మా పహెచాన్ ఖాతాలో రాశారు.

మేము అంటే ఎవరమో ముందే చెప్పాలి. మేము నవాబుల వారసులం కాదు. ఖమ్మం, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపహాడ్ గల్లీల్లో బట్టలు కుట్టినవాళ్లం, దూది ఏకినవాళ్లం, బొగ్గు బావుల్లో దిగినవాళ్లం. మా ఇళ్లల్లో జాగీరు కాగితాలు లేవు. అయినా సెప్టెంబర్ 17 వస్తే చాలు, జవాబు చెప్పాల్సినవాళ్లు మేమే అవుతాం. 'రజాకార్' అంటే అసలు అర్థం స్వచ్ఛంద సేవకుడు. ఇప్పుడది మా పిల్లల్ని తిట్టే తిట్టు. అందుకే ఈ ప్రశ్న: ఒక రాజ్యం తరఫున ప్రపంచాన్ని గుర్తింపు అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? వాళ్లు అడిగినదానికి అడగని వాళ్లు ఎందుకు జవాబుదారీ కావాలి?

ముందు జరిగిందేమిటో చూద్దాం. 1947 జూన్‌లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చారు. హైదరాబాద్ ఇండియాలోనూ చేరదు, పాకిస్తాన్‌లోనూ చేరదు, బ్రిటిష్‌వాళ్లు పోగానే స్వతంత్రమవుతుందని దాని సారం. చట్టంలో దానికి సందు లేకపోలేదు. సంస్థానాల మీద బ్రిటిష్ పెత్తనం ముగిసిందని భారత స్వాతంత్ర్య చట్టం చెప్పింది కానీ ఆ పెత్తనం ఎవరి చేతికి పోతుందో చెప్పలేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన న్యాయవాది సర్ వాల్టర్ మాంక్టన్ ఆ సందులోంచే దారి వెతికారు. కానీ 1926లోనే వైస్రాయి లార్డ్ రీడింగ్, బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన స్థాయి ఏ సంస్థానాధీశుడికీ లేదని ఇదే నిజాంకు ఉత్తరం రాసి తేల్చేశారు. అంటే మొదటి గుర్తింపు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది.

తర్వాతి ఎత్తు కాలం కొనుక్కోవడం. 1947 నవంబర్ 29న ఇండియాతో ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదిలోపు బయట స్నేహితుల్ని సంపాదించాలన్నది లాయక్ అలీ ప్రభుత్వం ఆలోచన. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలు అప్పుగా ఇచ్చారు. రాజ్యానికి సముద్రం లేదు కనుక పోర్చుగీసు గోవాలోని మర్మగోవా రేవు కోసం ప్రయత్నించారు. ఆస్ట్రేలియా విమానచోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు దించాడు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను మధ్యవర్తిత్వం చేయమని అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. లండన్‌లో చర్చిల్ గట్టిగా మాట్లాడాడు. అయితే అప్పటికి ఆయన ప్రతిపక్షంలో ఉన్నాడు. ప్రభుత్వంలో ఉన్న అట్లీ కదల్లేదు.

చివరికి 1948 ఆగస్టు 21న హైదరాబాద్ నుంచి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి టెలిగ్రామ్ వెళ్లింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా తన తగాదాను మండలి ముందు పెట్టవచ్చన్న 35వ అధికరణం దానికి ఆధారం. ఇక్కడే చిక్కుంది. ఆ అధికరణం వాడుకోవాలంటే ముందు రాజ్యం అయ్యుండాలి, రాజ్యమని ఒప్పించడానికేమో ఆ అధికరణం వాడుకున్నారు. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధులు బయల్దేరారు. వాళ్లలో దళిత నాయకుడు బి. శ్యామ్‌సుందర్ కూడా ఉన్నారు. ఆయన్ని ఎవరి చేతిలోనో కీలుబొమ్మ అని కొట్టిపారేయడం తేలిక. అగ్రకులాల రాజ్యం వస్తుందన్న ఆయన భయం అబద్ధమని చెప్పగలిగే స్థితిలో ఈ దేశం ఇప్పటికీ లేదు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 16న ప్యారిస్‌లో మండలి కూర్చుని ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టాలా వద్దా అని ఓటేసింది. 8 మంది పెట్టాలన్నారు, ముగ్గురు తటస్థంగా ఉన్నారు, వద్దన్నవాళ్లు లేరు. మరునాడే నిజాం లొంగిపోయారు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి పంపారు. 1949 మేలో పాకిస్తాన్ మళ్లీ ఎత్తినా ఏమీ తేలలేదు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి 'హైదరాబాద్ ప్రశ్న' అన్న పేరు మండలి పెండింగు పట్టికలో ఉండిపోయింది.

ఈ కథను ఎత్తుల, పైఎత్తుల కథగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫలానా పని ముందే చేసి ఉంటే, ఫలానా దేశం ఓటేసి ఉంటే అని లెక్కలు వేస్తారు. మాకు ఆ లెక్కల కన్నా తేదీలు ఎక్కువ చెబుతాయి. టెలిగ్రామ్ వెళ్లింది ఆగస్టు 21న. ఆ రాత్రే హైదరాబాద్ వీధిలో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మీద దాడి చేశారు. తెల్లారేలోపు, 22న, ఆయన చనిపోయాడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాయడం ఆయన నేరం. 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి తొంభై మందికి పైగా కాల్చి చంపారు. మా మాట వినండని ప్రపంచాన్ని అడిగిన వారంలోనే తన మనుషుల మాట విననన్నది ఆ రాజ్యం. ప్యారిస్‌లో గొంతు కావాలన్నది, సొంత వీధిలో గొంతు కోసింది.

ఇక్కడ భాష మళ్లీ సాయానికి వస్తుంది. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటి మనిషిని వదిలేస్తే మేము, కలుపుకుంటే మనం. ప్యారిస్‌లో వినిపించిన 'హమ్' ఈ రెంటిలో ఏది? 1941 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జనం కోటీ అరవై లక్షల పైచిలుకు. ముస్లింలు అందులో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతులో కూడా జాగీర్దార్లు, పెద్ద ఉద్యోగులు ఎందరు? ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం అక్కడ లేదు. 1940లో కామారెడ్డిగూడెంలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీని ఆ 'హమ్'లో కలిపారా? కమ్యూనిస్టయి అజ్ఞాతంలో తిరిగిన మఖ్దూమ్ మొహియుద్దీన్‌ను కలిపారా? ఇండియాలో చేరాలని 1948 ఆగస్టులో ప్రకటన చేసిన ఏడుగురు ముస్లిం ప్రముఖులను కలిపారా? ఎవరినీ కలపలేదు. అది 'మనం' వేషం వేసుకున్న 'మేము'.

మా ప్రాంతం నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. గుర్తింపు కోరిన ఆ రాజ్యానికి ఒక సరిహద్దు మా గోదావరే. ఎడమ ఒడ్డున భద్రాచలం. దాన్ని 1860లో నిజాం బ్రిటిష్‌వాళ్లకు వదిలేశారు, తర్వాత అది మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఇవతల పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాంవి. అంతర్జాతీయ న్యాయం ప్రకారం రాజ్యానికి నాలుగు కావాలని 1933 మాంటెవిడియో ఒడంబడిక చెప్పింది: స్థిరమైన జనం, హద్దులున్న భూమి, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే శక్తి. గోదావరి హద్దు పటంలో గట్టిదే. కానీ కొండరెడ్లు ఆ హద్దుకు రెండు వైపులా ఉన్నారు. నిజాం ప్రభుత్వంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో వాళ్ల మీద పుస్తకమే వేశాడు. కోయలు ఇక్కడి నుంచి బస్తర్ దాకా ఉన్నారు. నది వాళ్లకు చేపలు పట్టుకునే చోటు, దాటి చుట్టాలింటికి పోయే చోటు. అటు ఇండియా, ఇటు స్వతంత్ర హైదరాబాద్ అయితే మీకు సమ్మతమేనా అని వాళ్లను అడిగినవాళ్లు లేరు. కృష్ణా జిల్లా మధ్యలో ద్వీపంలా ఉన్న నిజాం జాగీరు పరిటాల 1947లో తనను తానే స్వతంత్రమని ప్రకటించుకుంది. విడిపోయే హక్కు రాజుగారికి ఉంటే రాజుగారి నుంచి విడిపోయే హక్కు ఊరికి ఎందుకుండదు? ఆ ప్రశ్నకు మాంక్టన్ చట్టం పుస్తకంలో జవాబు లేదు.

మరి ఇండియా అడిగిందా అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కశ్మీర్ విషయాన్ని 1948 జనవరి 1న తానే ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లిన ప్రభుత్వం, హైదరాబాద్ మాత్రం ఇంటి విషయమంది. జునాగఢ్‌లో 1948 ఫిబ్రవరిలో ఓటు పెట్టింది, హైదరాబాద్‌లో పెట్టలేదు. సైన్యం వచ్చాక జరిగినదాన్ని చూడమని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. చనిపోయినవాళ్లలో అత్యధికులు ప్యారిస్ పేరు కూడా వినని ముస్లింలు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఆ తర్వాత రెండేళ్లలో మా అడవుల్లో కమ్యూనిస్టుల్ని ఏరే పేరుతో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని కాంపుల్లో పెట్టారు. 1952 ఎన్నికల్లో మాత్రం ఓటు దొరికింది. ఖమ్మం, నల్లగొండ, వరంగల్ జనం దాన్ని కమ్యూనిస్టుల పీడీఎఫ్‌కు వెల్లువలా వేశారు. అడిగితే వాళ్లకూ ఒక జవాబుందని అప్పుడు తెలిసింది.

అందుకని మేము ఒక పక్షాన్ని కడిగి ఇంకో పక్షం మీద పోయడం లేదు. మా వాదం ఇది: బయటివాళ్లను గుర్తింపు అడిగే హక్కు, ముందు లోపలివాళ్లను గుర్తించినవాళ్లకే ఉంటుంది. బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 169 స్థానాల్లో 167 అవామీ లీగ్‌వి. జనం ముందు చెప్పారు, రాజ్యాలు తర్వాత ఒప్పుకున్నాయి. 1971 డిసెంబర్‌లో ఇండియా, భూటాన్ ఒప్పుకున్నాయి, 1974లో పాకిస్తానే ఒప్పుకోక తప్పలేదు. ముస్లింలంతా ఒకే జాతి అన్న మాటకు ముస్లింలే అక్కడ జవాబు చెప్పారు. మతం 'మనం'ను తయారుచేసి ఇవ్వదు. అది అడిగి, విని, ఒప్పించి కట్టుకోవాల్సిన ఇల్లు.

ఇలా కొలిస్తే ఏ రాజ్యమూ నిలబడదని ఒకరు అనవచ్చు. నిజమే, చాలా రాజ్యాలు తడబడతాయి. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపినప్పుడు, 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు అక్కడి కోయలను, కొండరెడ్లను ఓటు పెట్టి అడగలేదు. ఇవాళ భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాని పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉన్నాయి. నిజాంను కొలిచిన బద్దతోనే వీటినీ కొలవాలి. కొలత కష్టంగా ఉందని బద్ద విరగ్గొట్టకూడదు. మాలోనూ ఇదే బద్ద పెట్టాలి. ముస్లింల తరఫున అంటూ మాట్లాడే పెద్దలు దూదేకులను అడిగారా, మా ఆడవాళ్లను అడిగారా అని చూడాలి. అడగకుండా 'హమ్' అంటే అదీ ప్యారిస్ ప్రయాణమే.

ఇక బాకీ సంగతి. అడిగినవాళ్లు ఏమయ్యారు? మొయిన్ నవాజ్ జంగ్, లాయక్ అలీ పాకిస్తాన్ చేరారు. ఖాసిం రజ్వీ జైలు నుంచి 1957లో విడుదలై అక్కడికే పోయాడు. నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యారు. 1948 సెప్టెంబర్ 20న లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారిన పది లక్షల పౌండ్లు బ్యాంకులో పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. అవి భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకే చెందుతాయని 2019లో లండన్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ దౌత్యంలో డబ్బుకు వారసులు దొరికారు. నిందకు మాత్రం మమ్మల్ని వారసుల్ని చేశారు. ఆస్తి రాకుండా అప్పు ఒక్కటే వచ్చే వారసత్వం ఏ షరియత్‌లో ఉంది, ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

సెప్టెంబర్ 17ను 2022 నుంచి కేంద్రం విమోచన దినమంటోంది. రాష్ట్ర ప్రభుత్వం ముందు సమైక్యతా దినమంది, 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. పేరేదైనా ఆ రోజు మా దగ్గర ఒక సర్టిఫికెట్ కోరుతున్నారు. మేము ఇవ్వం. దేశభక్తి లేక కాదు. పౌరుడు రాజ్యాన్ని గుర్తింపు కోసం అర్జీ పెట్టుకోడు, రాజ్యమే పౌరుణ్ణి గుర్తించాలి. అర్జీ పెట్టమనడమంటే మమ్మల్ని కూడా ఇంకా తస్లీమ్ కాని రాజ్యంలా చూడటమే.

మేము అడిగేది చిన్నది. షోయబుల్లా ఖాన్ హత్య, బైరాన్‌పల్లి కాల్పులు, సుందర్‌లాల్ నివేదిక ఒకే పాఠంలో, ఒకదాని పక్కన ఒకటి మన బడి పిల్లలు చదవాలి. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది మీ చరిత్ర, మా చరిత్ర అవుతుంది. మూడూ కలిపి చెప్పిన రోజున మేము కూడా 'మనం' అనగలం.